ఆండ్రోస్టెరోన్: టెస్టోస్టెరోన్ శేషమా, పురుష లక్షణాలకు మరో మూలమా?

వయోజన పురుషుడి శరీరం రోజుకు సుమారు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరోన్‌ను తయారు చేస్తుంది. అందులో టెస్టోస్టెరోన్‌గానే మూత్రంలోకి చేరేది నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. మిగిలినదంతా ప్రధానంగా కాలేయంలో, కొంత చర్మం వంటి ఇతర కణజాలాల్లో రూపం మార్చుకొని బయటికి పోతుంది. అలా మారిన రూపాల్లో పరిమాణం రీత్యా ముందు వరుసలో నిలిచేది ఆండ్రోస్టెరోన్. పాఠ్యపుస్తకాల్లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. టెస్టోస్టెరోన్ విచ్ఛిన్నమయ్యే క్రమాన్ని చూపే పటంలో చివరి గడిలో ఒక పేరుగా కనిపిస్తుంది, అంతే. పని ముగించుకొని వెళ్లిపోయే వ్యర్థ పదార్థమని దాని అర్థం. ఈ అంచనా పూర్తిగా తప్పు కాదు కానీ, సగమే నిజం. ఈ అణువు ఎక్కడ, ఎప్పుడు, ఏ దారిన తయారైందన్న దాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది. పెద్దవారి మూత్రంలో అది శేషం. గర్భంలో పెరుగుతున్న మగ పిండం రక్తంలో అదే ఒక ముడిసరుకు.

విచిత్రమేమిటంటే, ఈ శేషమే మొదట హార్మోన్‌గా లోకానికి పరిచయమైంది. 1931లో జర్మనీలోని గోటింగెన్‌లో అడాల్ఫ్ బూటెనాంట్, కుర్ట్ చెర్నింగ్‌తో కలిసి సుమారు 15,000 లీటర్ల పురుషుల మూత్రం నుంచి దాదాపు 15 మిల్లీగ్రాముల స్ఫటిక పదార్థాన్ని వేరు చేశాడు. వృషణాలు తొలగించిన కోడిపుంజుకు ఇస్తే వాడిపోయిన తల మీది తురాయి మళ్లీ ఎర్రగా పెరగడమే ఆ పదార్థం శక్తికి అప్పట్లో ఉన్న కొలమానం. చేతిలో ఉన్నది చిటికెడు కూడా కాకపోయినా, అందులో 19 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయనీ, దాని నిర్మాణం కొలెస్ట్రాల్ వంటివి ఉండే స్టెరాల్ కుటుంబానికి చెందినదనీ బూటెనాంట్ ప్రతిపాదించాడు. నేటి పరికరాల్లో ఒక్కటీ లేని కాలంలో అంత కొద్ది పదార్థంతో అంత దూరం వెళ్లడం రసాయనశాస్త్ర చరిత్రలో నిజంగా గొప్ప విషయం.

ఆ ప్రతిపాదనను 1934లో జ్యూరిక్‌లో లియోపోల్డ్ రుజీచ్కా నిరూపించాడు. కొలెస్ట్రాల్ నుంచి వచ్చే ఒక సమ్మేళనాన్ని క్రోమిక్ ఆమ్లంతో ఆక్సీకరించి, దాని పక్క గొలుసును తుంచి, ఆండ్రోస్టెరోన్‌ను ప్రయోగశాలలోనే తయారు చేశాడు. లైంగిక హార్మోన్లకూ కొలెస్ట్రాల్‌కూ ఉన్న చుట్టరికం అలా మొదటిసారి రసాయనికంగా స్థిరపడింది. 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని వీరిద్దరికీ పంచారు. నాజీ ప్రభుత్వం ఒత్తిడి వల్ల బూటెనాంట్ దాన్ని తిరస్కరించాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక, 1949లో గానీ ఆయనకు పతకమూ పత్రమూ అందలేదు. పురుష హార్మోన్ శక్తిని కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణాన్ని నిర్ణయించినప్పుడు కూడా 100 మైక్రోగ్రాముల ఆండ్రోస్టెరోన్‌నే ఒక యూనిట్‌గా తీసుకున్నారు. అంటే కొంతకాలం పాటు పురుష హార్మోన్ అంటే ఆండ్రోస్టెరోనే.

అయితే ఆ రోజుల్లోనే పరిశోధకులను ఒక తేడా వేధిస్తూ ఉండేది. వృషణాల నుంచి నేరుగా తీసిన సారం, మూత్రం నుంచి తీసిన ఆండ్రోస్టెరోన్ కన్నా చాలా శక్తిమంతంగా పనిచేసేది. పైగా వృషణ సారాన్ని క్షారంతో మరిగిస్తే దాని శక్తి నశించేది. ఆండ్రోస్టెరోన్ మాత్రం అదే పరీక్షకు చెక్కుచెదరకుండా నిలిచేది. ఒకే పదార్థమైతే ఇంత తేడా ఉండకూడదు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నస్ట్ లకూర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి అసలు హార్మోన్‌ను వేరు చేసి దానికి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టడంతో చిక్కుముడి విడిపోయింది. అదే సంవత్సరం బూటెనాంట్, రుజీచ్కా ఇద్దరూ విడివిడిగా దాన్ని కృత్రిమంగా తయారు చేశారు. ఆనాటి నుంచి ఆండ్రోస్టెరోన్ స్థానం దిగిపోయింది. టెస్టోస్టెరోన్ శక్తిలో అది సుమారు ఏడో వంతు మాత్రమేనని తేలడంతో, బలహీనమైన ఆండ్రోజెన్‌గా (పురుష లక్షణాలను పెంచే హార్మోన్‌గా), విచ్ఛిన్న ఉత్పన్నంగా దాన్ని పక్కన పెట్టేశారు.

ఈ బలహీనతకు కారణం అణువు ఆకారంలో ఉంది. టెస్టోస్టెరోన్ నాలుగు వలయాలు కలిసిన అణువు. దాని మొదటి వలయంలో నాలుగు, ఐదు కార్బన్ల మధ్య ఒక ద్విబంధం, మూడో కార్బన్ వద్ద ఒక కీటోన్ (ద్విబంధంతో అంటుకున్న ఆక్సిజన్) ఉంటాయి. శరీరం దీన్ని కూల్చడం మొదలుపెట్టేది ఆ ద్విబంధంతోనే. ఐదో కార్బన్‌కు హైడ్రోజన్‌ను తగిలించే ఎంజైములు రెండు రకాలు. ఐదు-ఆల్ఫా రిడక్టేజ్ ఆ హైడ్రోజన్‌ను వలయాల తలానికి కింది వైపున చేరుస్తుంది. అప్పుడు అణువు చదునుగానే మిగులుతుంది. ఐదు-బీటా రిడక్టేజ్ పై వైపున చేరుస్తుంది. అప్పుడు మొదటి వలయం మడత పడి, అణువు వంగిపోతుంది. కణాల్లో ఈ హార్మోన్లను పట్టుకునే ప్రోటీన్ అయిన ఆండ్రోజెన్ గ్రాహకం చదునైన అణువునే పట్టుకుంటుంది, వంగినదాన్ని వదిలేస్తుంది. అందుకే ఆల్ఫా దారిలో మొదట వచ్చే డైహైడ్రోటెస్టోస్టెరోన్ టెస్టోస్టెరోన్ కన్నా బలమైన ఆండ్రోజెన్ కాగా, బీటా దారిలో వచ్చేవేవీ ఆండ్రోజెన్లుగా పనిచేయవు.

ఆ తర్వాతి మెట్టులో మూడో కార్బన్ వద్ద ఉన్న కీటోన్ హైడ్రాక్సిల్‌గా (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటగా) మారుతుంది. చదునుగా ఉన్నా సరే, ఈ మార్పుతో అణువు గ్రాహకం మీద పట్టు కోల్పోతుంది. పదిహేడో కార్బన్ వద్ద ఉన్న హైడ్రాక్సిల్ కూడా కీటోన్‌గా మారితే ఆండ్రోస్టెరోన్ సిద్ధమవుతుంది. ఈ మార్పులు ఒకే వరుసలో జరగాలన్న నియమం లేదు. టెస్టోస్టెరోన్ ముందుగా డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మారి, ఆండ్రోస్టేన్‌డయాల్ మీదుగా ఆండ్రోస్టెరోన్‌ను చేరవచ్చు. లేదా ముందే ఆండ్రోస్టీన్‌డయోన్‌గా మారి, ఆ తర్వాత ఆల్ఫా దారి పట్టవచ్చు. బీటా దారిలో ఇవే మార్పులు పూర్తయితే ఏర్పడేది ఎటియోకోలానలోన్. ఆండ్రోస్టెరోన్‌కూ దీనికీ పరమాణువుల సంఖ్యలో తేడా లేదు. ఐదో కార్బన్ వద్ద ఒక్క హైడ్రోజన్ దిశలోనే తేడా అంతా ఉంది. చివరికి ఈ రెండింటికీ కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో జోడించి నీటిలో కరిగేలా చేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి.

మూడో కార్బన్ వద్ద జరిగిన మార్పును శరీరం వెనక్కి తిప్పగలదు. ఐదో కార్బన్ వద్ద జరిగినదాన్ని తిప్పలేదు. ఆండ్రోస్టెరోన్ గురించి ఆ తర్వాత వచ్చిన అవగాహనలో సగానికి సగం ఈ రెండు వాక్యాల మీదే నిలబడి ఉంది. వెనక్కి తిప్పగలిగిన మార్పు వల్లనే ఆండ్రోస్టెరోన్ నుంచి మళ్లీ డైహైడ్రోటెస్టోస్టెరోన్ పుట్టగలదు. వెనక్కి తిప్పలేని మార్పు వల్లనే మూత్రంలోని ఆండ్రోస్టెరోన్‌కూ ఎటియోకోలానలోన్‌కూ ఉన్న నిష్పత్తి, స్టెరాయిడ్ (ఈ నాలుగు వలయాల కుటుంబంలోని అణువు) శరీరంలో ఏ దారిన నడిచిందో చెప్పే సాక్ష్యంగా మిగులుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఆండ్రోస్టెరోన్‌ను టెస్టోస్టెరోన్ ఉత్పన్నంగా చెప్పడం వాడుకైనా, మూత్రంలో కనిపించే ఆండ్రోస్టెరోన్ అంతా టెస్టోస్టెరోన్ నుంచి వచ్చినది కాదు. అడ్రినల్ గ్రంథులు విడుదల చేసే డీహెచ్ఈఏ, ఆండ్రోస్టీన్‌డయోన్ కూడా చివరికి ఇదే రూపంలోకి వస్తాయి. స్త్రీల మూత్రంలో సైతం ఆండ్రోస్టెరోన్ గణనీయంగా ఉండడానికి కారణం ఇదే. గత శతాబ్దం మధ్యలో ఆసుపత్రులలో విరివిగా చేసిన 17-కీటోస్టెరాయిడ్ల పరీక్ష దెబ్బతిన్నది కూడా ఇక్కడే. జిమ్మర్మాన్ రంగు చర్య ఆధారంగా మూత్రంలోని ఆండ్రోస్టెరోన్, ఎటియోకోలానలోన్, డీహెచ్ఈఏ వంటివాటన్నిటినీ కలిపి ఒకే అంకెగా కొలిచేవారు. పురుషుల్లో ఆ మొత్తంలో దాదాపు మూడింట రెండు వంతులు అడ్రినల్ గ్రంథుల నుంచే వస్తుంది. కాబట్టి ఆ అంకె వృషణాల పనితీరును చెప్పేది కాదు. రక్తంలో టెస్టోస్టెరోన్‌ను నేరుగా కొలిచే పద్ధతులు రావడంతో ఆ పరీక్ష కనుమరుగైంది; దానితోపాటు ఆండ్రోస్టెరోన్ మీద వైద్యుల ఆసక్తి కూడా చాలావరకు తగ్గింది. నిజానికి లోపం అణువుది కాదు, వేర్వేరు అణువులను ఒకే అంకెలో కలిపేసిన కొలతది.

విడివిడిగా కొలిస్తే కథ వేరుగా ఉంటుంది. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వర్ణించిన కుటుంబాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కుటుంబాల్లో కొందరు మగపిల్లలు పుట్టినప్పుడు బాహ్య జననాంగాలు ఆడపిల్లలవిలా కనిపించేవి. యుక్తవయసులో మాత్రం గొంతు మారి, కండరాలు పెరిగి, పురుష లక్షణాలు బయటపడేవి. వారిలో టెస్టోస్టెరోన్‌కు కొరత లేదు. లోపమల్లా దాన్ని డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మార్చే ఐదు-ఆల్ఫా రిడక్టేజ్ ఎంజైములో ఉంది. ఆ లోపం మూత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది: ఆల్ఫా దారి మూసుకుపోవడంతో ఆండ్రోస్టెరోన్ తగ్గి, ఎటియోకోలానలోన్ వాటా పెరుగుతుంది. ప్రోస్టేట్ వాపుకూ బట్టతలకూ వాడే ఫినాస్టెరైడ్ ఇదే ఎంజైమును అడ్డుకుంటుంది కనుక, అది వాడేవారిలోనూ నిష్పత్తి ఇలాగే ఒరుగుతుంది. దీనికి విరుద్ధంగా పాలిసిస్టిక్ ఓవరీ సమస్య ఉన్న స్త్రీలలో ఆల్ఫా దారి చురుకుగా ఉన్నట్టు ఇదే నిష్పత్తి చూపింది. థైరాయిడ్ కూడా తన ముద్ర వేస్తుంది: అది అతిగా పనిచేసేవారిలో ఆండ్రోస్టెరోన్ వాటా పెరుగుతుంది, మందగించినవారిలో తగ్గుతుంది.

క్రీడల్లో డోపింగ్ పరీక్షలు ఈ తర్కాన్నే ఆయుధంగా చేసుకున్నాయి. టెస్టోస్టెరోన్ శరీరంలో సహజంగానే ఉంటుంది కనుక, మూత్రంలో అది కనిపించినంత మాత్రాన నేరం రుజువు కాదు. అందుకే 1980ల నుంచి టెస్టోస్టెరోన్‌కూ ఎపిటెస్టోస్టెరోన్‌కూ ఉన్న నిష్పత్తిని చూడడం మొదలైంది. ఎపిటెస్టోస్టెరోన్ కూడా శరీరంలోనే తయారవుతుంది. కానీ బయటి నుంచి టెస్టోస్టెరోన్ ఎక్కించుకుంటే అది పెరగదు. మొదట 6, తర్వాత 4 దాటితే అనుమానించాలని హద్దు పెట్టారు. ఈ పద్ధతికి జన్యువులు అడ్డుపడ్డాయి. టెస్టోస్టెరోన్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించే యూజీటీ2బీ17 అనే జన్యువు కొందరిలో పూర్తిగా లోపించి ఉంటుంది. తూర్పు ఆసియా ప్రజల్లో ఇది చాలా ఎక్కువ. అలాంటివారి మూత్రంలోకి టెస్టోస్టెరోన్ అతి తక్కువగా వస్తుంది కనుక, ఇంజెక్షన్ తీసుకున్నా నిష్పత్తి హద్దు దాటకపోవచ్చు. అందరికీ ఒకే హద్దు అన్న న్యాయం ఇక్కడ అన్యాయంగా మారింది.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2014లో క్రీడాకారుల జీవసంబంధ పాస్‌పోర్టుకు స్టెరాయిడ్ విభాగాన్ని చేర్చినప్పుడు ఆండ్రోస్టెరోన్‌కు అందులో కీలక స్థానం దక్కింది. టెస్టోస్టెరోన్, ఎపిటెస్టోస్టెరోన్, ఆండ్రోస్టెరోన్, ఎటియోకోలానలోన్, రెండు రకాల ఆండ్రోస్టేన్‌డయాళ్లు, వాటి మధ్య నిష్పత్తులు, ఇవన్నీ ఒక క్రీడాకారుడికి కాలక్రమంలో ఎలా ఉంటున్నాయో నమోదు చేస్తారు. పోలిక జనాభా సగటుతో కాదు, ఆ వ్యక్తి పాత నమూనాలతోనే. బయటి టెస్టోస్టెరోన్ చేరితే ఆండ్రోస్టెరోన్‌కూ టెస్టోస్టెరోన్‌కూ ఉన్న నిష్పత్తి కదులుతుంది. ఎవరైనా డైహైడ్రోటెస్టోస్టెరోన్‌నే వాడితే అది మరింత తేటగా బయటపడుతుంది: అది అప్పటికే ఆల్ఫా దారిలోకి వచ్చేసిన అణువు, బీటా వైపు మళ్లలేదు, కాబట్టి ఆండ్రోస్టెరోన్ పెరుగుతుంది, ఎటియోకోలానలోన్ పెరగదు. ఫినాస్టెరైడ్ ఈ లెక్కనంతా తారుమారు చేస్తుంది కనుకనే 2005లో దాన్ని నిషేధించి, పరీక్షా పద్ధతులు మెరుగయ్యాక 2009లో జాబితా నుంచి తీసేశారు.

నిష్పత్తిలో అనుమానం వచ్చాక నిర్ధారణకు కార్బన్ ఐసోటోపుల పరీక్ష చేస్తారు. మందుల పరిశ్రమ టెస్టోస్టెరోన్‌ను ఎక్కువగా సోయా వంటి మొక్కల స్టెరాళ్ల నుంచి తయారు చేస్తుంది. ఆ మొక్కలు కిరణజన్య సంయోగక్రియ జరిపే తీరు వల్ల వాటిలో బరువైన కార్బన్-13 కొంత తక్కువగా ఉంటుంది. మనిషి శరీరం తయారు చేసుకున్న స్టెరాయిడ్లలోనేమో రకరకాల ఆహారాల నుంచి వచ్చిన కార్బన్ కలగలిసి ఉంటుంది. టెస్టోస్టెరోన్‌తో సంబంధం లేని ప్రెగ్నేన్‌డయాల్ వంటి మరో సహజ స్టెరాయిడ్‌తో ఆండ్రోస్టెరోన్‌ను పోల్చి చూస్తే, రెండింటి కార్బన్ ఒకే మూలం నుంచి వచ్చిందో లేదో తెలుస్తుంది. మాతృ హార్మోన్ మూత్రంలో మైక్రోగ్రాముల్లో మాత్రమే దొరికే చోట, మిల్లీగ్రాముల్లో దొరికే ఆండ్రోస్టెరోన్ విశ్లేషకులకు ఎంతో అనుకూలం. శేషమైనా, వచ్చిన చోటు ఆనవాలును తనలో దాచుకుంటుంది.

ఇక ఆండ్రోస్టెరోన్ సొంతంగా చేసే పనుల విషయం. 1950ల చివర దీన్ని ఇస్తే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గుతోందని గమనించారు. ఆ ఆశతో దీన్ని క్లోఫిబ్రేట్ అనే పదార్థంలో కలిపి అట్రోమిడ్ పేరుతో మందుగా తెచ్చారు. తీరా చూస్తే కొవ్వును తగ్గించే పని ప్రధానంగా క్లోఫిబ్రేట్‌దేనని తేలి, ఆండ్రోస్టెరోన్‌ను తప్పించారు. ఫైబ్రేట్ మందుల చరిత్ర అలా మొదలైంది. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణిచే గాబా-ఏ గ్రాహకాల పనిని ఇది పెంచుతుందనీ, ఎలుకల్లో మూర్ఛలను ఆపుతుందనీ ప్రయోగాలు చూపాయి. కానీ ఆ ప్రభావానికి కావలసిన మోతాదు రక్తంలో సహజంగా ఉండే స్థాయి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, దీన్ని మెదడు తానుగా వాడుకునే మత్తుమందుగా వర్ణించడం తొందరపాటే. ఎటియోకోలానలోన్‌ను మనుషుల కండరంలోకి ఇంజెక్ట్ చేస్తే కొన్ని గంటల్లో జ్వరం వస్తుంది, ఆండ్రోస్టెరోన్‌తో రాదు. ఒక హైడ్రోజన్ దిశ ఎంత తేడా తేగలదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. కండరాలు పెంచుతుందని దీన్నీ దీని దగ్గరి బంధువులనూ పోషక పదార్థాల ముసుగులో అమ్మేవారు ఉన్నారు. నోటి ద్వారా తీసుకున్నదాన్ని కాలేయం వెంటనే గ్లూకురోనైడ్‌గా మార్చి పంపేస్తుంది; మిగిలిన కొద్దిపాటి భాగం డైహైడ్రోటెస్టోస్టెరోన్‌గా మారినా అది ప్రధానంగా ప్రోస్టేట్ మీద, చర్మం మీద, జుట్టు కుదుళ్ల మీద పనిచేసే హార్మోన్. దాని మీద పెట్టే ఆశకు జీవరసాయనంలో ఆధారం లేదు.

ఆండ్రోస్టెరోన్ పట్ల దృష్టి నిజంగా మారింది మరో వైపు నుంచి. ఆస్ట్రేలియాలో ఉండే టామర్ వాలబీ అనే చిన్న కంగారూ జాతి జంతువు పిల్ల, పుట్టాక తల్లి సంచిలో ఉండగానే మగ లక్షణాలను సంతరించుకుంటుంది. దాని వృషణాలను పరిశీలించినవారికి, డైహైడ్రోటెస్టోస్టెరోన్ తయారీ టెస్టోస్టెరోన్ మీదుగా వెళ్లకుండానే సాగుతోందని తెలిసింది. ప్రొజెస్టెరోన్ వంటి తొలి దశ స్టెరాయిడ్ ముందే ఆల్ఫా దారిలోకి వెళ్లి, ఆ తర్వాత పక్క గొలుసు తెగి, ఆండ్రోస్టెరోన్ అవుతుంది. ఆండ్రోస్టెరోన్ పదిహేడో కార్బన్ వద్ద మారి ఆండ్రోస్టేన్‌డయాల్, మూడో కార్బన్ వద్ద మారి డైహైడ్రోటెస్టోస్టెరోన్ అవుతుంది. విచ్ఛిన్న పటంలో చివర ఉన్న గడి ఇక్కడ నిర్మాణ పటం మధ్యలోకి వచ్చింది. బాణాల దిశ తిరగబడింది. 2004 ప్రాంతంలో రిచర్డ్ ఆకస్ దీనికి పెరటి దారి అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. మనిషి ఎంజైములను పరీక్షిస్తే, పక్క గొలుసును తెంచే సీవైపీ17ఏ1 ఎంజైము ఈ దారిలోని మధ్యస్థ అణువును మామూలు దారిలోని 17-హైడ్రాక్సీప్రొజెస్టెరోన్ కన్నా ఎంతో ఇష్టంగా పట్టుకుంటుందని కూడా తేలింది.

ఈ దారి వ్యాధుల్లో ఏమి చేస్తుందో ఊహించడం కష్టం కాదు. పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథుల్లో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము లోపించిన పిల్లల్లో 17-హైడ్రాక్సీప్రొజెస్టెరోన్ గుట్టలుగా పేరుకుంటుంది. పేరుకున్నది పెరటి దారి పడితే ఆండ్రోజెన్‌గా మారి, ఆడ పిండంలో మగ లక్షణాలను పెంచగలదు. స్టెరాయిడ్లను తయారు చేసే పలు ఎంజైములకు తోడ్పడే పీ450 ఆక్సిడోరిడక్టేజ్ లోపంలో ఇంకా వింత కనిపిస్తుంది: పుట్టిన ఆడపిల్ల జననాంగాలు మగ లక్షణాలు చూపుతాయి, కొన్నిసార్లు గర్భంతో ఉన్న తల్లిలోనూ మగ లక్షణాలు వస్తాయి, కానీ పుట్టాక బిడ్డ రక్తంలో ఆండ్రోజెన్లు తక్కువే. మామూలు దారి ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే ఈ చిత్రానికి అర్థం ఉండదు.

అయితే ఆరోగ్యవంతమైన మగ పిండానికి కూడా ఈ దారి అవసరమా అన్నదే అసలు ప్రశ్న. 2011లో క్రిస్టా ఫ్లూక్ బృందం దీనికి జన్యు సాక్ష్యం చూపింది. వృషణాలు ఉండి, టెస్టోస్టెరోన్‌కు దారితీసే ఎంజైములు బాగానే ఉన్నా, బాహ్య జననాంగాలు సరిగా రూపొందని కొందరిలో ఏకేఆర్1సీ2 జన్యువులో లోపాలను కనుగొన్నారు. ఈ జన్యువు ఇచ్చే ఎంజైము మూడో కార్బన్ వద్ద పనిచేసేది. అంటే పెరటి దారిలో తప్పనిసరి మెట్టు. టెస్టోస్టెరోన్ దారి ఒక్కటే చాలితే వీరిలో ఏ లోపమూ కనిపించకూడదు.

2019లో పీటర్ ఓషానెస్సీ, పాల్ ఫౌలర్ తదితరులు ప్రచురించిన పరిశోధన దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. గర్భధారణ రెండో త్రైమాసికంలోని పిండాల రక్తాన్నీ కణజాలాలనూ పరిశీలించినప్పుడు, పెరటి దారిలోని ఆండ్రోజెన్లలో మగ పిండం రక్తంలో ప్రధానంగా తిరుగుతున్నది ఆండ్రోస్టెరోన్ అని తేలింది. ఆడ పిండాల్లో అది మగ పిండాల కన్నా తక్కువగా ఉంది. మరింత ఆశ్చర్యం కలిగించిన విషయం, ఆ దారి మొత్తం వృషణాల్లో లేకపోవడం. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే ప్రొజెస్టెరోన్ మూలపదార్థం కాగా, కాలేయం, అడ్రినల్ గ్రంథులు, మాయ తలా ఒక మెట్టు పూర్తి చేస్తున్నాయి. మగ పిండం రూపొందడానికి వృషణం ఒక్కటే చాలదన్నమాట. శరీరంలోని ఇతర అవయవాలూ, తల్లీబిడ్డల మధ్య ఉన్న మాయా అందులో పాలుపంచుకుంటున్నాయి.

మూత్రనాళ ద్వారం సరైన చోట లేకుండా పుట్టే మగపిల్లల గురించి వైద్యులకు ఎప్పటి నుంచో ఒక గమనిక ఉంది: మాయ సరిగా పనిచేయని గర్భాల్లో, ఎదుగుదల తగ్గి పుట్టిన బిడ్డల్లో ఈ లోపం ఎక్కువ. వృషణాల టెస్టోస్టెరోన్‌తోనే అంతా జరుగుతుందనుకుంటే మాయకూ దీనికీ సంబంధం కుదరదు. మాయ సరఫరా చేసే ప్రొజెస్టెరోన్ తగ్గితే పెరటి దారిలో ఆండ్రోస్టెరోన్ తయారీ కుంటుపడుతుందనుకుంటే కుదురుతుంది. ఆ పరిశోధకులు ఈ వివరణను సూచించారు, నిరూపించామని చెప్పలేదు. ఆచరణలో మాత్రం మార్పు ఒకటి ఇప్పటికే అవసరం. జననాంగాల రూపం అస్పష్టంగా ఉన్న శిశువు విషయంలో టెస్టోస్టెరోన్ స్థాయి మామూలుగా ఉందన్న ఒక్క అంకెతో వెతుకులాట ఆపకూడదు. మూత్రంలోని స్టెరాయిడ్లన్నిటినీ అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో విడివిడిగా కొలిచి, ఆల్ఫా దారిలోని అణువులు, వాటిలో ఆండ్రోస్టెరోన్, ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూడాలి. అవసరమైతే ఏకేఆర్1సీ2 వంటి జన్యువులనూ పరీక్షించాలి.